బిల్లసుర్గం గవుల్లో పెద్దపులి

జూబిలీ హిల్స్ కొండల దిగువన, యూసుఫ్‌గూడకూ బోరబండకూ నడుమ ఒదిగి ఉన్న రహమత్ నగర్‌లో ఎవరు ఇంటి పునాదికి గొయ్యి తీసినా గడ్డపారకు ముందుగా తగిలేది గ్రానైటు బండ. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భంలో కరిగి, చల్లారి, గట్టిపడిన ఆ శిలలో ఏ జంతువు ఎముకా ఉండదు. ప్రాణికోటి ఇంకా శైశవంలో ఉండగా పుట్టిన రాయి తరువాతి కాలపు మృగాల జ్ఞాపకాన్ని దాచలేదు. అయితే అదే ఇంటి గచ్చు మీద పరిచిన నీలిబూడిద రంగు నాపరాయి చాలాచోట్ల బేతంచెర్ల నుంచి వస్తుంది. తడిగుడ్డతో తుడిచినప్పుడు ముదురు రంగుకు తిరిగి, ఆరగానే మళ్ళీ పాలిపోయే ఆ పలకలు ఏ సున్నపురాతి నేల నుంచి లేచి వచ్చాయో, ఆ నేలలోని గుహలే తెలుగుదేశపు పులి పూర్వచరిత్రకు మనకున్న ప్రధానమైన ఆధారం. ఈ పేట పొరుగునే ఉన్న చిత్రసీమ 2022లో ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలో కంప్యూటరు సాయంతో ఒక పులిని సృష్టించి ప్రపంచమంతటా చూపించింది. ఆ శక్తిని తక్కువ చేయనక్కరలేదు. కానీ నిజమైన పులి ఈ దేశానికి ఎప్పుడు వచ్చింది, ఎవరి సరసన బతికింది, ఏ విపత్తులను దాటింది అన్న ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే మాత్రం బేతంచెర్ల చుట్టూ ఉన్న ఎర్రమల కొండల్లోని మట్టిని ఆశ్రయించక తప్పదు.

భారతదేశంలో పులి శిలాజాల ముచ్చట దక్షిణాన కాక ఉత్తరాన, శివాలిక్ కొండల పాదాల దగ్గర మొదలైంది. సహారన్‌పూర్ వృక్షోద్యానానికి అధికారిగా ఉన్న హ్యూ ఫాల్కనర్, యమునా కాలువల పనుల్లో ఉన్న ప్రోబీ కాట్లీ కలిసి 1830ల్లో ఆ కొండల నుంచి ఏనుగులు, జిరాఫీ బంధువులు, నీటిగుర్రాలు, తాబేళ్ళ అవశేషాలను గుట్టలుగా సేకరించారు. వాటిలో ఒక పెద్ద మార్జాలపు కపాలం మీద ఎత్తయిన శిఖలాంటి ఎముకగట్టు ఉండడం చూసి, 1836లో దానికి శిఖను సూచించే లాటిన్ నామం పెట్టి, శివాలిక్ కొండల్లో దొరికిన కొత్త శిలాజపులిగా లోకానికి పరిచయం చేశారు. ఆ మరుసటి ఏడే లండన్ భూవిజ్ఞాన సంఘం వారిద్దరికీ వొలాస్టన్ పతకం ఇచ్చి గౌరవించింది. వారి పులిని మాత్రం కాలం అలాగే నిలబెట్టలేదు. ఈనాటి పులికి అది పూర్వజం కాదనీ, వేరే జాతి అనీ తరువాతివారు తేల్చారు. ఇందులో ఫాల్కనర్, కాట్లీలను నిందించవలసినదేమీ లేదు. పోల్చి చూడడానికి వారి ముందున్న అస్థిపంజరాలు కొద్ది. పెద్ద పిల్లిజాతుల కపాలాలు ఒకదానినొకటి ఎంతగా పోలి ఉంటాయంటే, చర్మం మీది చారలు పోయిన తరువాత పులినీ సింహాన్నీ వేరు చేయడం నేటికీ నిపుణులకు శ్రమతో కూడిన పనే.

దక్షిణాపథంలో ఇటువంటి అన్వేషణకు దారి తీసింది రాజకీయ పరిణామమే. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను పదవి నుంచి దించి కంపెనీ ప్రభుత్వం ఆ సంస్థానాన్ని కలుపుకొన్న తరువాత, అంతవరకు యూరోపియన్ల కంటికి అంతగా తెలియని ఆ సీమలో అధికారుల రాకపోకలు పెరిగాయి. మద్రాసు లైట్ ఇన్‌ఫెంట్రీకి చెందిన కెప్టెన్ థామస్ జాన్ న్యూబోల్డ్ వారిలో ఒకడు. సైనికుడైనా శిలలను చదవడంలో సహజమైన ఆసక్తీ, ఓపికా ఉన్న ఆ మనిషి బేతంచెర్ల దగ్గరి గుహల్లో ఎముకలు చిక్కుకొని గట్టిపడిన మట్టిని గమనించి, 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ‘బిల్ల సుర్గం’ గుహల ఎముకల గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఊరివాళ్ళు పలికిన మాటను తన చెవికి వినిపించినట్టు రాసుకున్న పేరది. బిలమూ సొరంగమూ కలిసిన బిలసురంగం అన్న మాట ఆంగ్ల లిపిలో ముద్దకట్టి, తిరిగి తెలుగులోకి వచ్చేటప్పటికి బిల్లసుర్గం అయింది. ఇప్పుడు యాత్రికులు దాన్నే బిల్వస్వర్గం అంటున్నారు. మూడు పేర్లలో మొదటిదే ఆ చోటి స్వభావాన్ని చెబుతుంది.

న్యూబోల్డ్ 1850లో, నలభై మూడేళ్ళకే చనిపోయాడు. ఆయన వ్యాసం వెలువడిన నాలుగు దశాబ్దాల వరకు ఆ గుహలను ఎవరూ పట్టించుకోలేదు. దీనికి ఒక్క ఆయన మరణమే కారణం అనలేము. భూమి మీద మానవుని ప్రాచీనత ఆరు వేల ఏళ్ళకు మించదన్న నమ్మకం ఇంకా బలంగా ఉన్న రోజుల్లో గుహల మట్టిలోని ఎముకలు విద్వాంసులకు ఒక వింతగానే తోచాయి తప్ప చరిత్రగా తోచలేదు. ఆ నమ్మకం 1859 తరువాత కూలింది. ఇంగ్లాండు, ఫ్రాన్సు గుహల్లో అంతరించిన జంతువుల ఎముకలతో కలిసి మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయన్న సంగతిని పండితలోకం అంగీకరించిన మీదట, ఇతర ఖండాల గుహల మీద కూడా వారి చూపు పడింది.

ఆ చూపు కర్నూలు మీద పడడానికి థామస్ హెన్రీ హక్స్‌లీ కారకుడయ్యాడు. భారతదేశపు గుహలను తవ్వి చూడవలసిందన్న ఆయన సూచనను నాటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆదరించగా, ఆ పని భూవిజ్ఞాన సర్వే శాఖలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు అప్పగించబడింది. ఇంతకంటే తగిన మనిషి దొరకడు. 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో ఒక రాతి గొడ్డలిని గుర్తించి భారతదేశపు పాతరాతియుగ అధ్యయనానికి ఆద్యుడైన ఆయన, అప్పటికి పాతికేళ్ళుగా దక్షిణదేశపు కొండలూ వాగులూ కాలినడకన, గుర్రం మీద తిరిగి ఎరిగినవాడు. తొలి పరిశీలన తాను చేసి, 1884, 1885 సంవత్సరాల తవ్వకాన్ని రాయల్ ఆర్టిలరీలో లెఫ్టినెంటుగా ఉన్న తన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్ చేతికి అప్పగించాడు. ఎత్తయిన కప్పున్న గుహకు ‘కథీడ్రల్’ అని, ఇతర గుహలకు ‘చాప్టర్ హౌస్’, ‘పర్గేటరీ’, ‘చార్నెల్ హౌస్’ అని వారు పెట్టిన పేర్లు క్రైస్తవ దేవాలయ వాస్తు నుంచీ విశ్వాసాల నుంచీ తెచ్చుకొన్నవి. స్థానికుల బిలసురంగం ఆ నివేదికల్లో నిలిచినా, లోపలి గదులన్నిటికీ విదేశీ నామకరణమే జరిగిపోయింది. నేటి శాస్త్రవేత్తలు కూడా వాటినే వాడుతున్నారు.

గుహల్లో ఎముకలు ఎలా నిలుస్తాయన్నది ఇక్కడ కొంత తెలుసుకోవాలి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పమైన ఆమ్లగుణం పొంది, నార్జి సున్నపురాయి పగుళ్ళలో దిగుతూ, వేల లక్షల ఏళ్ళలో రాతిని తిని గదులు చేస్తుంది. సున్నపురాయి క్షీరదాలు పుట్టకముందెప్పుడో సముద్రం అడుగున పేరుకున్నది కనుక ఎముకలు ఆ రాతిలో ఉండవు. గుహ తెరుచుకున్న తరువాత బయటి నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టిలోనే ఉంటాయి. దుమ్ములగొండి తన ఎరను లోపలికి ఈడ్చుకొస్తుంది. ఏదుపంది ఎండిన ఎముకలను పళ్ళు అరగదీసుకోవడానికి తెచ్చుకుంటుంది; అది కొరికిన ఎముక మీద పక్కపక్కనే సన్నని గాడుల వరుస పడుతుంది. గూబలు తిని ఉమిసిన చుంచుల దవడలు, కప్పు కింద వేలాడి రాలిన గబ్బిలాల రెక్కల ఎముకలు, చావు దగ్గరపడి చీకటిలోకి చేరిన ముసలి మృగాల కళేబరాలు అన్నీ ఆ మట్టిలోనే కలుస్తాయి. సున్నపునీరు వాటిని నెమ్మదిగా గట్టిపరచి కాపాడుతుంది. బయట ఆరుబయలున పడిన ఎముక రాయలసీమ ఎండకు కొన్నేళ్ళలోనే పొడి అయ్యేది.

ఫుట్ తండ్రీకొడుకులు పంపిన ఎముకలను పరీక్షించింది రిచర్డ్ లైడెకర్. 1886లో ‘పాలియంటాలజియా ఇండికా’ గ్రంథమాలలో ఆయన ప్రకటించిన కర్నూలు గుహల జంతుజాల వివరణ ఈనాటికీ ఆ విషయంలో మొదటి మెట్టే. అందులోని పట్టిక చదివినవారికి ఒక ప్రాచీన అడవి కళ్ళ ముందు కదలాడుతుంది. కొండముచ్చులు, ఎలుగుబంటి, చిరుతపులి, అడవిపిల్లి, ముంగిసలు, పునుగుపిల్లి, ఏదుపంది, కుందేలు, కణితి, దుప్పి, మనుబోతు, కృష్ణజింక, కొండగొర్రె, అడవిపంది: వీటిని నల్లమలలో తిరిగే చెంచు ఏ తడుములాటా లేకుండా గుర్తుపడతాడు. ఆ లాటిన్ పేర్ల వరుసలో తెలుగుమాట కూడా ఒకటి దాగి ఉంది. పందికొక్కుకు ఆంగ్లేయులు పెట్టుకొన్న ‘బాండికూట్’ మన మాటే. అదే లాటిన్ తొడుగు తొడుక్కొని ‘బాండికోటా’గా లైడెకర్ పట్టికకెక్కింది. మరొక పొలపు ఎలుకకు ఉన్న ‘మెట్టాడ’ అన్న పేరు వడ్డెరల నోట విని వాల్టర్ ఇలియట్ నమోదు చేసినది. రాళ్ళు కొట్టి బతికిన ఆ జనం పలికిన మాట శాస్త్రగ్రంథంలో స్థిరపడడం ఈ చరిత్రలో నాకు అత్యంత ప్రియమైన ఘట్టాల్లో ఒకటి.

పట్టికలో మిగిలినవి వేరే కథ చెబుతాయి. ఈనాడు ఆఫ్రికాలో తప్ప మరెక్కడా బతకని మచ్చల దుమ్ములగొండి, అక్కడి అడవుల్లోనే ఉండే పెద్ద అలుగును పోలిన జంతువు, గాడిద జాతి, బబూన్ కోతి, దక్షిణదేశంలో ఇప్పుడు ఎక్కడా కానరాని ఖడ్గమృగం కూడా ఆ మట్టిలో ఉన్నాయి. ఖడ్గమృగానికీ, ఒక పందికీ, ఒక పునుగుకూ, ఒక ఏదుకూ కొత్త జాతులుగా కర్నూలు పేరే పెట్టాడు లైడెకర్. ఆఫ్రికా జంతుజాలంతో ఈ సామ్యం ఆయనను బాగా ఆకర్షించింది. తరువాతివారు దానిలో కొంత తగ్గించి, కొంత ఉంచారు. ఈ అందరి నడుమ, ఏ విశేషణమూ లేకుండా, నేటి పులికి శాస్త్రజ్ఞులు అప్పుడు వాడే పేరుతోనే పెద్దపులి కనిపిస్తుంది. లైడెకర్ దానికి కొత్త పేరు పెట్టలేదు. ఎముకల్లో అతనికి కనిపించినది అంతరించిన మరో జాతి కాదు. నల్లమలలో అప్పుడూ ఇప్పుడూ గాండ్రించే పులే. చుట్టూ ఉన్న ఖడ్గమృగం పోయింది, మచ్చల దుమ్ములగొండి పోయింది, బబూన్ పోయింది. పులి ఉండిపోయింది.

నిజంగా అంతరించిన పులుల కోసం తూర్పుకు వెళ్ళాలి. చైనాలోని గాన్సు రాష్ట్రంలో లోంగ్‌డాన్ అనేచోట దొరికిన కపాలం ఆధారంగా 2011లో ఒక కొత్త జాతిని వర్ణించారు. చైనాలో శిలాజాలు తవ్విన తొలితరం శాస్త్రవేత్తల్లో ఒకడైన ఓటో జ్డాన్‌స్కీ పేరు పెట్టుకొన్న ఆ మృగం 25 లక్షల నుంచి 21 లక్షల ఏళ్ళ క్రితానిది. ఒడ్డూ పొడుగూ పెద్ద చిరుతకూ అమెరికా జాగ్వార్‌కూ దగ్గరగా ఉండినా, కపాలపు తీరు పులిదే అని దానిని వర్ణించినవారి నిర్ణయం. పులిజాతి పుట్టిల్లు తూర్పు ఆసియా అన్న అభిప్రాయానికి ఇది బలమిచ్చింది. జావాద్వీపంలో, ఆదిమానవుని కపాలాన్ని వెలికితీసి పేరుగాంచిన యూజీన్ దుబ్వా ట్రినిల్ దగ్గరి నదీతీరపు పొరల్లో దొరికిన పులిని 1908లో వర్ణించాడు. అదే ద్వీపంలో సోలో నది ఒడ్డున ఎన్‌గాన్‌డాంగ్ తవ్వకాల్లో బయటపడిన పులికి 1933లో ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ ఆ నది పేరే ఉపపదంగా చేర్చాడు. ఆ చోటి పొరలు సుమారు లక్షా పది వేల ఏళ్ళనాటివని 2020లో ప్రకటించిన కొత్త పరీక్షలు సూచించాయి. ఎన్‌గాన్‌డాంగ్ పులి బరువు 470 కిలోల దాకా ఉండవచ్చని ఒక అంచనా ఉంది. నేటి పులుల్లో అతిపెద్దవాటికి కూడా ఆ తూకం చాలా ఎక్కువ. అయితే ఒకటి రెండు అవయవాల ఎముకల నుంచి మొత్తం దేహభారాన్ని లెక్కకట్టే ఈ పద్ధతిలో పొరపాటుకు చోటు పెద్దదే గనుక, ఆ అంకెను గరిష్ఠమైన ఒక ఊహగా మాత్రమే తీసుకోవడం న్యాయం.

ఇంత పాత పులులు తూర్పున ఉండగా, పడమరకు, అంటే భారతదేశానికి పులి రావడం ఎప్పుడు జరిగిందన్నదే చరిత్రకారుని ముందున్న కీలకమైన ప్రశ్న. సింహళంలో, కురువిట దగ్గరి బాటదొంబ గుహలో దొరికిన పులి ఎముక 16,500 ఏళ్ళ నాటిదని 2005లో ప్రకటించారు. ఈనాడు ఆ ద్వీపంలో చిరుతే ఉంది, పులి లేదు. సుమారు 20,000 ఏళ్ళ క్రితపు హిమయుగంలో నేటికంటే 120 మీటర్ల దాకా సముద్రమట్టం పడిపోయినప్పుడు, సేతువు చుట్టూ నేల తేలి, దక్షిణభారతం నుంచి నడిచి వెళ్ళడానికి దారి ఉండేది. పులి ఆ దారినే దాటి ఉంటుంది. అలా అయితే అప్పటికే దక్షిణాపథంలో పులి ఉండాలి. మరొక వైపు జన్యుశాస్త్రం ఉంది. నేటి పులులన్నిటి సమీప పూర్వజం 72,000 నుంచి 1,08,000 ఏళ్ళ మధ్య బతికిందని 2004లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. వేర్వేరు ప్రాంతాల పులులు ఒకదాని నుంచి ఒకటి విడిపోవడం గత 20,000 ఏళ్ళలోనే జరిగిందని 2021 నాటి మరొక అధ్యయనం తేల్చింది. రెండు లెక్కలూ ఒకే వైపు చూపుతున్నాయి: పులిజాతి పాతదే కానీ, నేడు బతికి ఉన్న పులి వంశం అంత పాతది కాదు. ఎప్పుడో ఒక కష్టకాలంలో పులుల సంఖ్య చాలా క్షీణించి, మిగిలిన కొద్దిపాటి సమూహం నుంచే ఇవాళ్టి పులులన్నీ వచ్చాయి.

ఈ నేపథ్యంలో కర్నూలు గుహలోని పులికి ఉన్న విలువ పెరుగుతుంది, అలాగే దాని లోపమూ బయటపడుతుంది. అది లోతైన పాత పొరలోని పులా, పైపొరలోని ఇటీవలి పులా అన్నదాన్ని బట్టి భారతదేశంలో పులి వయసు మారుతుంది. కొందరు జంతుశాస్త్రజ్ఞులు భారతదేశానికి పులి చాలా ఆలస్యంగా, మంచుయుగం ముగిసే దశలోనో ముగిశాకనో వచ్చిందని వాదిస్తే, అందుకు కర్నూలు ఎముకల కాలనిర్ణయంలోని సందిగ్ధమే ఒక ఆసరా అయింది. హెన్రీ ఫుట్ అడుగులు లెక్కపెట్టి లోతులు రాసుకొన్నాడు. ఆనాటి సాటి తవ్వకాలతో పోలిస్తే అది శ్రద్ధ గల పనే. కానీ ప్రతి పొర రంగునూ, గట్టితనాన్నీ, ప్రతి ఎముక దొరికిన చోటునూ నేటి రీతిలో నమోదు చేయడం ఆయన కాలానికి ఆచారం కాదు. కాలాన్ని కొలిచే రేడియోకార్బన్ పద్ధతికి ఇంకా అరవై ఏళ్ళకు పైగా సమయం ఉంది. కాబట్టి ఆయనను తప్పుపట్టడం అనుచితం. అయినా జరిగిన నష్టం నష్టమే. ఒకసారి తవ్విన పొరను తిరిగి పేర్చలేము.

ఆ తరువాత చాలాకాలం గుహలు మరుగునపడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు మూడో పాదంలో ఎం.ఎల్.కె. మూర్తి ఈ సీమలో తిరిగి పని మొదలుపెట్టడం ఒక మలుపు. బేతంచెర్ల పరిసరాల్లోని ముచ్చట్ల చింతమాను గవి అన్న గుహలో ఆయన జరిపిన తవ్వకం ఫలితాలు 1974లో వెలువడ్డాయి. గుహను రాయలసీమలో గవి అంటారు. చింతచెట్టు పక్కన ఉన్నందువల్ల ఊరివాళ్ళు పిలిచే ఆ పేరునే శాస్త్రవ్యాసంలో కూడా ఉంచడం ఫుట్ నామకరణాల పక్కన పెట్టి చూస్తే చిన్న విషయమేమీ కాదు. అక్కడ కాలిన మట్టితో కూడిన ఒక పొయ్యి బయటపడింది. ఆ మట్టి కణాల్లో నిలవ ఉన్న శక్తిని వెలుగు రూపంలో కొలిచే పద్ధతిలో దాని వయసు 17,390 ఏళ్ళని 1983లో ప్రకటించారు. మంచుయుగపు చలి, ఎండు గాలులు ఇంకా తగ్గని ఆ కాలంలో ఒక కుటుంబమో కొన్ని కుటుంబాలో ఈ గవిలో నిప్పు రాజేసుకొని కూర్చున్నాయి. బయట మనుబోతులూ జింకలూ ఉన్నాయి. ఇదే కాలానికి అటూ ఇటూగా సింహళంలో పులి ఉంది. ఎర్రమల కొండల్లో ఆ పొయ్యి దగ్గరి మనిషి పులి అడుగుజాడను చూసి ఉంటాడనడానికి ప్రత్యక్ష సాక్ష్యం ఒకే ఎముకలో లేకపోయినా, ఆ రెండు ఆధారాలనూ కలిపి చదివితే అటువంటి సంభావ్యత బలంగానే తోస్తుంది.

పులి వంశం క్షీణించిన కష్టకాలం ఏమిటన్న ప్రశ్న కూడా విచిత్రంగా ఇదే సీమకు తిరిగి వస్తుంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా ద్వీపంలో టోబా అగ్నిపర్వతం బద్దలై, దాని బూడిద గాలిలో తేలి భారతదేశమంతటా కురిసింది. యాగంటికి దగ్గరలో, జుర్రేరు వాగు లోయలోని జ్వాలాపురంలో ఆ బూడిద రెండున్నర మీటర్ల మందాన పేరుకుపోయి నేటికీ ఉంది. పక్క మట్టి ఎరుపు మీద అది తెల్లగా, పిండిలా మెత్తగా, చేతికి అంటుకొనేలా కనిపిస్తుంది. పాత్రలు తోమే పొడికి పనికి వస్తుందని ఊరివాళ్ళు తవ్వి అమ్మినదీ ఈ బూడిదే. బూడిద కిందా పైనా రెండుచోట్లా మనిషి రాతి పనిముట్లు ఉన్నాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో చూపించారు. పులుల సంఖ్య క్షీణించిన కాలమూ, టోబా విస్ఫోటన కాలమూ దగ్గరగా ఉండడం వల్ల ఒకటి రెండోదానికి కారణమని భావించినవారున్నారు. కాలసామీప్యం ఒక్కటే కార్యకారణ సంబంధం కాదు. అంతకంటే గట్టి సాక్ష్యం బిల్లసుర్గమే ఇచ్చింది. ఫుట్ తవ్వకంలో మిగిలిన పొరలను కొత్త పద్ధతులతో పరీక్షించిన బృందం, పాట్రిక్ రాబర్ట్స్ ప్రథమ రచయితగా, 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించిన వ్యాసం రెండు లక్షల ఏళ్ళ చరిత్రను పరిశీలించింది. లక్ష ఏళ్ళకు మునుపు ఆ గుహల పరిసరాల్లో ఉన్నట్టు గుర్తించిన 21 క్షీరద జాతుల్లో 20 జాతులు టోబా బూడిదనూ, మంచుయుగపు కరువునూ, మనుషుల రాకనూ దాటి మన కాలానికి దగ్గరగా వచ్చాయి. బబూన్ బంధువైన కోతి ఒక్కటే దాటలేకపోయింది. అడవి, పచ్చిక, వాగు, కొండ అన్నీ పక్కపక్కనే ఉన్న ఈ దేశపు నేలలో ఒకచోట కరువొస్తే మరోచోటికి జరగడానికి వీలుండడమే ఇందుకు కారణమని వారి వివరణ.

దీన్ని బట్టి చూస్తే, ప్రకృతి విపత్తుల మూలంగా మృగాలు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతాల జాబితాలో దక్షిణభారతాన్ని చేర్చడం సరికాదు. మచ్చల దుమ్ములగొండీ ఖడ్గమృగమూ తెలుగునేలను విడిచిపోయిన కాలం అగ్నిపర్వతాలదీ మంచుదీ కాక, సేద్యమూ పశుపోషణా విస్తరించిన తరువాతి కాలమే కావడం సంభవం. పులి వారసత్వాన్ని కాపాడింది అడవి విస్తారమే. ఇరవయ్యో శతాబ్దంలో బాలి, కాస్పియన్, జావా పులులు పూర్తిగా పోయాయి; వాటిని తుపాకీ, అడవి నరికివేత కొద్ది దశాబ్దాల్లో తుదముట్టించాయి. తెలుగుదేశంలో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేట ఖ్యాతిగా చెప్పుకున్న రోజులు అంత దూరం కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో మొదలైన పులుల పథకం, 1983లో ఆ పథకం పరిధిలోకి చేరిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం వరుసగా వచ్చి, నల్లమలలో పులి జాడ తుడిచిపోకుండా నిలిపాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అయింది. అక్కడ తిరిగే పులి, లైడెకర్ పట్టికలోని పులి ఒకే జాతి. నడుమ గడిచిన కాలాన్ని ఎన్ని వేల ఏళ్ళని చెప్పాలన్నదే మిగిలిన తగాదా.

ఆ తగాదా తీరాలంటే మరో గుహ దొరకాలి, లేదా ఉన్న గుహలో మరో పొర జాగ్రత్తగా తెరవాలి. ఎర్రమల సున్నపురాతి మీద నేడు సిమెంటు కర్మాగారాల, నాపరాళ్ళ గనుల బతుకు ఆధారపడి ఉంది. ఆ బతుకును కాదనే హక్కు, బేతంచెర్ల బండల మీద నడుస్తూ ఈ మాటలు రాస్తున్న నాకు లేదు. కానీ ఒక గనిలో సొరంగం తెరుచుకొని లోపల ఎర్రమట్టీ ఎముకలూ కనిపిస్తే, పేలుడు మందు పెట్టకముందు భూవిజ్ఞాన సర్వే వారికో, దగ్గరి విశ్వవిద్యాలయానికో ఒక్క కబురు పంపడం ఎవరికీ పెద్ద భారం కాదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవుతో యాత్రికులను రప్పిస్తున్నాయి. బిల్లసుర్గం అంత పొడవైనది కాదు, అందులో దీపాల అలంకారం కన్నా మట్టి గోడలే విలువైనవి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు ఆ గుహలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళే పాఠకులకు ఒక మనవి: గోడల్లో తెల్లగా ఏదైనా ఎముక మొన కనిపిస్తే వేలితో గీకవద్దు, జేబులో వేసుకోవద్దు. అది ఉన్న పొరలో ఉంటేనే దాని వయసు చెప్పగలరు.